చీపురు ఒకరి దగ్గర, తాళం ఇంకొకరి దగ్గర

భోగి రోజు తెల్లవారుజామున ఐదింటికి మా వీధిలో మంట దగ్గర నిలబడి ఉన్నాను. మండపేటలో ఆ టైముకి చలి బాగానే ఉంటుంది. అమ్మ పాత చాప ఒకటి చేతికిచ్చి మంటలో వెయ్యమంది. ఫోన్ మోగింది. క్లబ్బులో జూనియర్.

"అన్నా, సైట్ పోయింది. లాగిన్ కొడితే తెల్ల పేజీ వస్తోంది. కనుమ రాత్రితో కథల పోటీ క్లోజ్ కదా, ఇప్పటికే ముగ్గురు మెసేజ్ పెట్టారు."

చాప మంటలో పడేసి ఇంట్లోకొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. అప్పటికి అసలు సంగతి తెలియదు గానీ, ఆ రోజు మా సర్వర్‌కి కావలసింది కూడా ఒక భోగి మంటే. రెండు నెలలుగా అక్కడ ఎవరూ పాత సామాను బయట పడెయ్యలేదు. ఎందుకు పడెయ్యలేదంటే, ఆ పని ఎవరిదో నేనే చెడగొట్టాను. అదెలాగో చెప్పడానికే ఈ వ్యాసం. మనలో సగం మంది ప్రాజెక్టులు పీహెచ్‌పీ మీదే నడుస్తున్నాయి కాబట్టి మీకూ పనికొస్తుంది.

(ముందే ఒక మాట. మన పత్రికలో ఇంగ్లీషు అక్షరం కనిపించకూడదన్నది ఎడిటర్ గారి రూలు. కాబట్టి కమాండ్లూ పాత్‌లూ కూడా తెలుగులోనే రాస్తున్నాను. టెర్మినల్లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టండి.)

అసలు సెషన్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. హెచ్‌టీటీపీకి మతిమరుపు. మీరు ఇప్పుడు లాగిన్ అయి, మరుక్షణం ఇంకో పేజీ అడిగితే మీరెవరో దానికి గుర్తుండదు. ఆ బాధ తీర్చడానికే 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ కుకీ అనేదాన్ని కనిపెట్టాడు. పీహెచ్‌పీలో సెషన్లు నాలుగో వెర్షన్ నుంచి, అంటే 2000 నుంచి, లోపలే ఉన్నాయి. పద్ధతి సులువు. సర్వర్ మీకు ఎవరూ ఊహించలేని ఒక పొడుగాటి నంబరు ఇచ్చి బ్రౌజర్ కుకీలో పెడుతుంది. తన దగ్గర అదే నంబరుతో ఒక ఫైల్ పెట్టుకుంటుంది. ఫైల్ పేరు 'సెస్' అని మొదలై, అండర్‌స్కోర్, ఆ తర్వాత మీ నంబరు. మీరెవరు, లాగిన్ అయ్యారా లేదా, ఎడిటరా మామూలు సభ్యులా, అన్నీ ఆ ఫైల్లో ఉంటాయి.

మా ఊరి సినిమా హాలు సైకిల్ స్టాండ్ గుర్తు చేసుకోండి. మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది. స్టాండ్ కుర్రాడు చీటీ రెండు ముక్కలు చేసి ఒకటి హ్యాండిల్‌కి కట్టి, రెండోది మన చేతిలో పెడతాడు. ఆట అయిపోయాక ఆ ముక్క చూపించినవాడిదే సైకిల్. మన మొహం వాడికి గుర్తుండదు, గుర్తుండక్కర్లేదు కూడా. చీటీ దొరికితే చాలు, ఎవడైనా మన సైకిల్ తొక్కుకుపోవచ్చు. కుకీ మన చేతిలో చీటీ. సెషన్ ఫైల్ సైకిల్.

లాగౌట్ కొట్టి వెళ్ళేవాళ్ళు చాలా తక్కువ. చాలామంది ట్యాబ్ మూసేసి పోతారు. వాళ్ళ సైకిళ్ళు అక్కడే ఉండిపోతాయి. వాటిని ఎవరో ఒకరు తీసెయ్యాలి. గొడవంతా ఈ "ఎవరో ఒకరు" దగ్గరే.

పీహెచ్‌పీ తనంతట తాను చేసే పద్ధతి వింతగా ఉంటుంది. దానికి వేరే పనివాడు లేడు. ఎవరైనా పేజీ అడిగినప్పుడల్లా మనసులో ఒక చీటీ తీస్తుంది. జీసీ ప్రాబబిలిటీ 1, జీసీ డివైజర్ 1000 అని ఉంటే, వెయ్యిలో ఒక ఛాన్సు. ఆ చీటీ మీకు తగిలితే, మీ పేజీ ఇచ్చేముందు డైరెక్టరీ మొత్తం తెరిచి, జీసీ మ్యాక్స్ లైఫ్‌టైమ్ దాటిన ఫైళ్ళన్నీ చెరిపేస్తుంది. ఆ టైము మామూలుగా 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. అంటే సినిమాకొచ్చిన ప్రేక్షకుల్లో వెయ్యికొకడికి చీపురిచ్చి స్టాండ్ ఊడ్పించడం అన్నమాట. జనం బాగా వచ్చే హాలైతే ఫర్వాలేదు. మా క్లబ్ సైట్ లాంటి దానికి రోజుకి మూడొందల హిట్లు వస్తే గొప్ప. సగటున మూడు రోజులకొకసారి ఊడుస్తారు, అది కూడా గ్యారంటీ లేదు. వెయ్యి హిట్లు వచ్చాక కూడా ఒక్కసారీ ఊడవకుండా ఉండే ఛాన్సు దాదాపు 37 శాతం. ప్రాబబిలిటీ క్లాసులో పడుకోనివాళ్ళు లెక్క చూసుకోవచ్చు, 0.999ని వెయ్యిసార్లు గుణించడమే.

డెబియన్ వాళ్ళకి ఈ లాటరీ నచ్చలేదు. డెబియన్ నుంచి పుట్టిన ఉబుంటుదీ అదే దారి. వాళ్ళు రెండు పనులు చేశారు. ఒకటి, పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐలో జీసీ ప్రాబబిలిటీని సున్నా చేశారు, అంటే పీహెచ్‌పీ చేతిలోంచి చీపురు లాగేసుకున్నారు. రెండు, ఊడ్చే పనిని సెషన్‌క్లీన్ అనే స్క్రిప్టుకి అప్పజెప్పారు. అది గంటకి రెండుసార్లు, 9వ నిమిషానా 39వ నిమిషానా, రూట్ అధికారంతో వచ్చి శుభ్రం చేసి పోతుంది. సిస్టమ్‌డీ ఉన్న మెషీన్లో ఈ పని పీహెచ్‌పీ సెషన్‌క్లీన్ టైమర్ చేస్తుంది. క్రాన్ ఫైల్లో ఆ లైను ఉన్నా, సిస్టమ్‌డీ కనిపిస్తే తాను ఊరుకుంటుంది. ఆ స్క్రిప్టు నాకు బాగా నచ్చింది, పెద్దగా ఉండదు, ఒకసారి చదవండి. ఊడ్చేముందు, నడుస్తున్న పీహెచ్‌పీ ప్రాసెస్‌లు ఏ సెషన్ ఫైళ్ళు తెరిచి పట్టుకున్నాయో చూసి వాటిని టచ్ చేసి పెడుతుంది, పొరపాటున పోకుండా. మా గోదావరి కాలువల్లా ఎండాకాలం నీళ్ళు కట్టేస్తే గానీ పూడిక తియ్యలేమన్న ఇబ్బంది లేదు. సైట్ నడుస్తుండగానే పని అయిపోతుంది.

ఇక తాళం సంగతి. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే నేను తప్పు చేసింది ఇక్కడే.

ఉబుంటులో సెషన్లు ఉండే చోటు /వార్/లిబ్/పీహెచ్‌పీ/సెషన్స్. దాని ఓనర్ రూట్. పర్మిషన్ 1733. ఈ నంబరు చూడగానే చాలామందికి ఏదో తేడాగా అనిపిస్తుంది. 755, 777, 644 చూసిన కళ్ళకి 1733 ఏంటి? అంకె అంకె విడదీద్దాం. 4 అంటే చదవడం, 2 అంటే రాయడం, 1 అంటే ఎక్సిక్యూట్. ఫైళ్ళ విషయంలో వీటి అర్థం అందరికీ తెలుసు. డైరెక్టరీకి వచ్చేసరికి అర్థాలు మారతాయి. పరీక్షలో రాసి మర్చిపోయేది ఇదే. డైరెక్టరీని "చదవడం" అంటే లోపల ఏయే పేర్లున్నాయో జాబితా చూడటం. "రాయడం" అంటే లోపల కొత్త పేరు చేర్చడం, ఉన్న పేరు తీసెయ్యడం. "ఎక్సిక్యూట్" అంటే గేటు దాటి లోపలికెళ్ళి, పేరు తెలిసిన వస్తువు దగ్గరికి చేరడం.

7 ఓనరైన రూట్‌కి, అన్నీ చెయ్యొచ్చు. తర్వాతి 3, 3 మిగతావాళ్ళకి. 2 ప్లస్ 1. రాయొచ్చు, దాటొచ్చు, జాబితా చూడకూడదు. మొదట్లో ఉన్న 1 స్టికీ బిట్. ఎవరి ఫైల్ వాళ్ళే తీసుకోవాలి, పక్కవాడిది చెరపకూడదు.

సైకిల్ స్టాండ్ భాషలో చెప్పాలంటే, నీ సైకిల్ పెట్టుకో, నీ చీటీ నంబరు నీకు తెలుసు కాబట్టి లోపలికెళ్ళి నీది తెచ్చుకో. కానీ లోపల ఏయే నంబర్లున్నాయో రాసిన పుస్తకం మాత్రం నీకు చూపించను. ఎందుకు చూపించకూడదు? ఇక్కడ ఫైల్ పేరే చీటీ నంబరు. జాబితా చూసినవాడి చేతికి ఆ క్షణంలో లాగిన్ అయి ఉన్న అందరి చీటీలూ వచ్చేసినట్టే.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. పాతవి ఊడవాలంటే ముందు ఏమున్నాయో జాబితా చూడాలి. 1733 ఉన్నచోట పీహెచ్‌పీకి జాబితా చూసే హక్కు లేదు. అందుకే డెబియన్ వాళ్ళు దాని చేత ఊడ్పించడం మానేసి, జాబితా చూడగల రూట్ చేత ఊడ్పిస్తున్నారు. ప్రాబబిలిటీ సున్నా, పర్మిషన్ 1733, గంటకి రెండుసార్లు వచ్చే స్క్రిప్టు, ఈ మూడూ కలిసి ఒకే ఏర్పాటు. ఒకదాన్ని కదిపితే మిగతా రెండూ కదులుతాయి. ఇది నాకు జనవరిలో తెలిసింది. అక్టోబర్లో తెలిసుంటే బాగుండేది.

అక్టోబర్లో, దసరా సెలవుల తర్వాత, క్లబ్ సైట్‌ని బయటి హోస్టింగ్ నుంచి ల్యాబ్‌లో ఉన్న ఉబుంటు మెషీన్‌కి మార్చాం. ల్యాబ్ సర్ నమ్మి నాకు సుడో ఇచ్చారు. నేను నా విండోస్ ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌ఏఎంపీపీ మీద అంతా రెడీ చేసుకున్నాను కదా, అందులోని పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ తీసుకెళ్ళి అక్కడ పెట్టేశాను. విండోస్ పాత్‌లు తీసేశాను. జీసీ ప్రాబబిలిటీ 1 అని ఉన్నది మాత్రం అలాగే ఉండిపోయింది. అది ఉందని కూడా నేను చూళ్ళేదు.

రెండు మూడు రోజులకొకసారి ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ పంపేవారు. పేజీ పైన ఒక నోటీసు, 'పీఎస్ ఫైల్స్ క్లీనప్ డిర్: ఓపెన్‌డిర్ ఫెయిల్డ్: పర్మిషన్ డినైడ్ (13)'. నేను తెరిస్తే ఏమీ ఉండేది కాదు. పదిసార్లు రిఫ్రెష్ చేసినా రాదు. ఇప్పుడైతే నవ్వొస్తుంది. వెయ్యికొక చీటీ ఎవరికి తగిలితే వాళ్ళకే కదా కనిపించేది! మళ్ళీ మళ్ళీ చేస్తే రాని తప్పు దెయ్యం లాంటిది, కంగారు పెడుతుంది. కంగారులో మనిషి చేసే మొదటి పని తెలుసుగా. డైరెక్టరీకి సీహెచ్‌మోడ్ 777 కొట్టాను. నోటీసు పోయింది. వారం రోజులు రాలేదు. గ్రూపులో "ఫిక్స్‌డ్" అని పెట్టాను, మూడు చప్పట్లు కూడా వచ్చాయి.

777 కొట్టడంలో నేను రెండు తాళాలు తీశాను. జాబితా అందరికీ తెరిచాను. నాలుగో అంకె రాయలేదు కాబట్టి స్టికీ బిట్ కూడా పోయింది.

నవంబర్లో ఒక సాయంత్రం సెకండియర్ కుర్రాడొకడు క్యాంటీన్ దగ్గర నన్ను పక్కకి పిలిచాడు. అదే మెషీన్ మీద వాడి మినీ ప్రాజెక్టు ఉంది, ఫైల్ మేనేజర్ లాంటిది. టెస్ట్ చేస్తూ డైరెక్టరీలు తిరుగుతుంటే సెషన్స్ డైరెక్టరీ తెరుచుకుందట. "అన్నా, అందులో ఒక ఫైల్ పేరు తీసుకుని నా బ్రౌజర్ కుకీలో పెట్టి చూశాను. నీ పేరు వచ్చింది. ఎడిటర్ ప్యానెల్ మొత్తం ఓపెనయ్యింది. ఏమీ ముట్టుకోలేదన్నా, మూసేశాను."

ఎడిటర్ ప్యానెల్లో ఏముందో మన పత్రిక చదివేవాళ్ళకి తెలుసు. సంక్రాంతి కథల పోటీకి కలం పేరుతో కథ పంపొచ్చు. జడ్జీలకి కలం పేరే కనిపిస్తుంది. అసలు పేరు, రోల్ నంబరు ప్యానెల్లో మాత్రమే ఉంటాయి. అప్పటికి అలా ఆరు కథలొచ్చాయి. అందులో ఒకటి ఒకమ్మాయి తన ఇంటి గురించి రాసుకున్నది. పేరు తెలియదన్న నమ్మకంతోనే రాసిందని చదివితేనే తెలుస్తుంది.

వాడు మంచివాడు కాబట్టి చెప్పాడు. వాడికంటే ముందు ఎవరైనా చూశారా అన్నది లాగులు ఎంత వెతికినా తేల్లేదు. ఫైల్ జాబితా ఎవరు చూశారో ఆ సర్వర్ రాసిపెట్టదు. ఎడిటర్ గారికి చెప్పాను. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా, ఆ ఆరుగురికీ మనమే చెప్పాలి అన్నారు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. ఐదుగురు ఫర్వాలేదన్నారు. ఆ అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నా కథ తీసెయ్యండి" అంది. తీసేశాం. డేటాబేస్ బ్యాకప్పుల్లోంచి కూడా.

ఆ రాత్రే 1733 తిరిగి పెట్టాను, జీసీ ప్రాబబిలిటీ సున్నా చేశాను, ఉన్న సెషన్లన్నీ చెరిపేశాను. అక్కడితో ఆగుంటే కథ అయిపోయేది. భయం పట్టుకున్నవాడు అక్కడితో ఆగడు. "అసలు మన సెషన్లు వేరేవాళ్ళ వాటితో కలిసి ఎందుకుండాలి?" అనుకుని, మాకంటూ ఒక కొత్త డైరెక్టరీ చేశాను. ఓనర్ వెబ్ సర్వర్ యూజర్, పర్మిషన్ 0700. సైట్ ఫోల్డర్లోని హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో సేవ్ పాత్ దాని వైపు తిప్పాను. 0700 అంటే ఓనర్ తప్ప ఎవరూ తొంగి చూడలేరు. ఎంత గట్టిగా ఉందో చూశారా అనుకున్నాను.

ఇందులో తప్పులెక్కడున్నాయో కింది పేరా చదివేముందు ఒకసారి ఆలోచించండి. నాకు రెండు నెలలు పట్టింది.

ఒక తప్పు పర్మిషన్లో ఉంది. ఆ మెషీన్లో పీహెచ్‌పీ అపాచీ లోపలే నడుస్తుంది. కాబట్టి మా సైటూ, జూనియర్ ఫైల్ మేనేజరూ, ఇంకో పది ప్రాజెక్టులూ అన్నీ ఒకే వెబ్ యూజర్ పేరు మీద నడుస్తాయి. 0700 డైరెక్టరీ ఓనర్ ఆ వెబ్ యూజరే. అంటే జూనియర్ ప్రాజెక్టు కూడా ఓనరే! 1733లో రూట్ దాచిపెట్టిన జాబితాని నేను మళ్ళీ అందరికీ తెరిచిపెట్టాను, ఈసారి మరింత నమ్మకంగా. సెషన్ ఫైళ్ళు 0600 అయినా అంతే, అందరూ ఒకే మనిషి అయినప్పుడు ఆ గోడకి అర్థం లేదు.

రెండోది ఊడ్చే పనిలో ఉంది. సెషన్‌క్లీన్ స్క్రిప్టు ఏయే డైరెక్టరీలు ఊడవాలో ఎలా తెలుసుకుంటుంది? పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ, దాని పక్కనుండే కాన్ఫ్ డాట్ డీ ఫైళ్ళు చదివి. హెచ్‌టీయాక్సెస్‌లో నేను రాసింది దానికి కనపడదు. ప్రోగ్రాంలో ఐఎన్ఐ సెట్‌తో మార్చినా, ఎఫ్‌పీఎం పూల్ ఫైల్లో పెట్టినా అంతే. కాబట్టి అది రోజూ 9కీ 39కీ వచ్చి పాత డైరెక్టరీనే ఊడ్చి పోయేది. పీహెచ్‌పీ ఏమో ప్రాబబిలిటీ సున్నా కాబట్టి చీపురు ముట్టదు. కొత్త డైరెక్టరీకి పనివాడే లేడు. అక్టోబర్లో చీపురు ఉన్నవాడికి తాళం లేదు, నవంబర్ నుంచి తాళం ఉన్నవాడికి చీపురు లేదు.

అయినా మూడొందల హిట్లకి ఏమవుతుంది, ఏడాది దాకా ఏమీ కాదు. జనవరి ఒకటో తారీఖున ఇంకో ఉత్సాహవంతుడు సైట్ బతికుందా లేదా అని చూసే స్క్రిప్టు పెట్టాడు. సెకనుకొకసారి హోమ్ పేజీ అడుగుతుంది. దానికి కుకీ దాచుకోవడం తెలియదు. చీటీ ఇచ్చిన ప్రతిసారీ పారేసుకుని, మళ్ళీ కొత్త సైకిల్‌తో వచ్చే మనిషన్నమాట. రోజుకి 86,400 కొత్త సెషన్లు.

ఆ మెషీన్ రూట్ పార్టిషన్ 20 జీబీ, ఈఎక్స్‌టీ4. ఈఎక్స్‌టీ4 మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున ఫార్మాట్ అప్పుడే లెక్కకట్టి పెట్టేస్తుంది, తర్వాత పెరగవు. 20 జీబీకి 13,10,720. ప్రతి ఫైల్‌కీ ఒక ఐనోడ్ కావాలి, ఫైల్ ఎంత చిన్నదైనా. సిస్టమ్ ఫైళ్ళూ అవీ ఇవీ రెండున్నర లక్షలు తినేశాయి. మిగిలిన పదిన్నర లక్షలని 86,400తో భాగించండి. పన్నెండు రోజుల చిల్లర. ఒకటో తారీఖుకి పన్నెండు కలిపితే భోగి మంట దగ్గర నాకు ఫోన్ మోగాలి. మోగింది.

ల్యాప్‌టాప్ తెరిచి ఎర్రర్ లాగ్ చూస్తే, 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్ (28)'. డిస్క్ నిండిందనుకుని డీఎఫ్ మైనస్ హెచ్ కొట్టాను. సగం ఖాళీగా ఉంది! మళ్ళీ దెయ్యమే అనుకున్నాను. ఒక్కో సెషన్ ఫైల్ 4 కేబీ బ్లాక్ తీసుకుంటుంది, పది లక్షలంటే నాలుగు జీబీ చిల్లర, అది చూస్తే ఏమీ భయపడేలా ఉండదు. పావుగంట పోయాక డీఎఫ్ మైనస్ ఐ గుర్తొచ్చింది. ఐనోడ్లు 100 శాతం. స్థలం ఉంది గానీ, కొత్త పేరు రాసుకోవడానికి పుస్తకంలో గీత లేదు.

అక్కడ ఎల్ఎస్ కొడితే టెర్మినల్ బిగుసుకుపోయింది, పది లక్షల పేర్లు అక్షరక్రమంలో పెట్టాలని చూస్తుంది పాపం. ఆర్ఎం సెస్ స్టార్ కొడితే 'ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్' అంది. స్టార్ అంటే షెల్ ఆ పేర్లన్నీ ఒకే వాక్యంగా పేర్చి కమాండ్‌కి ఇవ్వాలి, దానికో హద్దుంది. ఇలాంటప్పుడు ఫైండ్ వాడాలి. ఫైండ్‌కి డైరెక్టరీ, పేరు సెస్‌తో మొదలవ్వాలి, సీమిన్ ప్లస్ ఇంత, డిలీట్ అని చెప్తే ఒక్కొక్కటీ చూస్తూ చెరుపుకుంటూ పోతుంది. డైరెక్టరీ మొత్తం లేపేస్తే త్వరగా అయిపోయేది. కానీ ఆ టైములో కూడా ఎవరో ఒకరు పాత సెషన్‌తో కథ టైప్ చేస్తూ ఉండొచ్చు. కాబట్టి సీమిన్ 240 పెట్టి, నాలుగ్గంటలుగా కదలనివి మాత్రమే తీశాను. చాలాసేపు పట్టింది. ఈలోపు బయట మంట ఆరిపోయింది.

ఇక్కడ కథలు రాసేవాళ్ళకి సంబంధించిన ముచ్చట ఒకటి. మీరు పేజీలోనే గంటసేపు టైప్ చేసి సబ్మిట్ కొడితే "మళ్ళీ లాగిన్ అవ్వండి" అని వచ్చి కథ ఎగిరిపోయిందని గత ఏడాది ముగ్గురు తిట్టారు. మీరు టైప్ చేస్తున్నంతసేపూ సర్వర్‌కి ఏమీ చేరదు. దాని లెక్కలో మీరు 24 నిమిషాలుగా నిద్రపోతున్నారు. పైగా 24 దాటగానే పోదు, ఊడ్చేవాడు వచ్చినప్పుడే పోతుంది. అరగంటకొకసారి వచ్చే స్క్రిప్టయితే మీ అదృష్టాన్ని బట్టి 24 నుంచి 54 నిమిషాల మధ్య ఎప్పుడైనా. అందుకే ఒకరికి పోయి ఇంకొకరికి పోలేదు. ఇంకోటి, ఒకే డైరెక్టరీ వాడుకునే ప్రాజెక్టుల్లో పీహెచ్‌పీయే ఊడిస్తే, ఎవరు అందరికంటే తక్కువ టైము పెట్టుకున్నారో వాళ్ళ లెక్కే అందరికీ తగులుతుంది. పక్కవాడు ఐదు నిమిషాలు పెట్టుకుంటే మీ సెషన్ కూడా ఐదు నిమిషాలకే హరీ. డెబియన్ స్క్రిప్టు దీనికి తిరగేసి, ఒకే డైరెక్టరీకి రెండు కాన్ఫిగరేషన్లు వేర్వేరు టైములు చెప్తే ఎక్కువదే తీసుకుంటుంది. నా ఓటు దానికే.

ఇప్పుడెలా ఉందంటే, పీహెచ్‌పీని అపాచీలోంచి తీసి ఎఫ్‌పీఎం మీదకి మార్చాం. ప్రతి ప్రాజెక్టుకీ ఒక పూల్, ఒక లినక్స్ యూజర్. క్లబ్ సైట్ యూజర్ వేరు, ఫైల్ మేనేజర్ యూజర్ వేరు. సెషన్ డైరెక్టరీ క్లబ్ యూజర్‌ది, 0700. ఇప్పుడు ఆ 0700కి అర్థముంది. సేవ్ పాత్ పూల్ ఫైల్లోనే ఉంది కాబట్టి ఉబుంటు స్క్రిప్టు దాన్ని చూడదని తెలుసు. అందుకే ఆ యూజర్ క్రాన్‌టాబ్‌లోనే అరగంటకొకసారి నడిచే ఫైండ్ లైను రాశాను. తన ఇల్లు తనే ఊడ్చుకుంటాడు, రూట్ రావక్కర్లేదు. లైఫ్‌టైమ్ నాలుగు గంటలు. రాసే పేజీ ఐదు నిమిషాలకొకసారి డ్రాఫ్ట్ తనంతట తానే పంపుతుంది. బతికుందా అని చూసే స్క్రిప్టుకి సెషన్ మొదలుపెట్టని చిన్న పేజీ వేరే ఇచ్చాం, అది కూడా నిమిషానికొకసారే.

మీ మెషీన్ ఉబుంటు కాకుండా రెడ్‌హ్యాట్ వంశంలోదైతే బాధ వేరే రూపంలో వస్తుంది. అక్కడ డైరెక్టరీ /వార్/లిబ్/పీహెచ్‌పీ/సెషన్ (చివర 'స్' లేదు), రూట్‌దీ అపాచీ గ్రూపుదీ, 0770. ఎంజినెక్స్ పెట్టుకుని పూల్ యూజర్‌ని ఎంజినెక్స్‌గా మార్చినవాళ్ళకి గ్రూపు కలవక సెషన్ తెరుచుకోదు. గ్రూపు మార్చుకుంటే పని నడుస్తుంది గానీ, తర్వాత ప్యాకేజీ అప్‌డేట్ వచ్చి పాత గ్రూపు మళ్ళీ పెట్టేస్తుంది. దానికంటే పూల్‌కి సొంత డైరెక్టరీ ఇచ్చుకోవడం మేలు. డాకర్‌లో ఉబుంటు ఇమేజ్ తీసుకుని ఆప్ట్‌తో పీహెచ్‌పీ ఎక్కించేవాళ్ళు కూడా చూసుకోండి. ప్రాబబిలిటీ సున్నా వస్తుంది, లోపల క్రాన్ ఉండదు, సిస్టమ్‌డీ ఉండదు. నా నవంబర్ పరిస్థితే, ఎవరూ ఏమీ చెడగొట్టకుండానే. రెడిస్‌లో సెషన్లు పెట్టుకుంటే ఈ ఊడ్చే గోలే ఉండదు, ప్రతిదానికీ గడువు అదే చూసుకుంటుంది. మా క్లబ్బుకి అది కొంచెం ఎక్కువ అనిపించింది.

మీది ఉబుంటు అయితే సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్ కొట్టి పీహెచ్‌పీ సెషన్‌క్లీన్ ఎప్పుడు నడిచిందో చూడండి. తర్వాత మీ సైట్ నిజంగా వాడుతున్న సేవ్ పాత్ ఏదో పీహెచ్‌పీ ఇన్ఫోలో చూడండి. రెండూ ఒకే డైరెక్టరీ గురించి మాట్లాడుతున్నాయా అన్నదే ప్రశ్న.

ఆ అమ్మాయి మళ్ళీ కథ పంపలేదు. ఉగాది సంచికకి పంపమని ఎడిటర్ గారు అడిగారట, చూస్తానందట. ఇది రాస్తూ ఇప్పుడే లెక్కపెట్టాను, సెషన్ డైరెక్టరీలో 41 ఫైళ్ళున్నాయి.